విమ్‌లో పొడవైన లైనును విడగొట్టడం, పేరాను తిరిగి సర్దడం: తెలుగు ఫైళ్లతో పనిచేసేవారి కోసం

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ గురించి మధురవాడ నుంచి అడిగిన మిత్రుల ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆఫీసు మాన్యువల్ ఒకటి తెలుగులో, టెక్స్ట్ ఫైలుగా వారి చేతికి వచ్చింది. అందులో కొన్ని పేరాలు మొదటి నుంచి చివరి దాకా ఒకే లైనుగా ఉన్నాయి, కొన్ని పీడీఎఫ్ నుంచి కాపీ చేసినందువల్ల నాలుగైదు మాటలకొకసారి తెగిపోయి ఉన్నాయి, శాఖల జాబితా మాత్రం కామాలతో ఒకే లైనులో సాగిపోయింది. విమ్‌లో పెద్ద జే (షిఫ్ట్ పట్టి జే) నొక్కితే రెండు లైన్లు కలుస్తున్నాయి గానీ ఒక లైనును రెండు చేసే కీ ఏదో దొరకలేదనీ, పేరాను 72 వెడల్పుకు సర్దితే లైన్లు ఎగుడుదిగుడుగా వస్తున్నాయనీ, దీనికి కారణమేమిటనీ వారు అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. పెద్ద జేకి ఎదురుగా పనిచేసే ప్రత్యేకమైన కీ విమ్‌లో లేదు; లైను ఎక్కడ తెగాలో అక్కడి స్పేస్ మీద కర్సర్ ఉంచి ఆర్ నొక్కి, వెంటనే ఎంటర్ నొక్కితే చాలు. కామాల జాబితాను సబ్‌స్టిట్యూట్ కమాండుతో ఒక్కసారే విడగొట్టవచ్చు. పేరా సర్దడానికి లైను వెడల్పును నిర్ణయించే టెక్స్ట్‌విడ్త్‌ను 72 చేసి, పేరాలో ఎక్కడైనా నిలబడి జీ-క్యూ-ఐ-పీ నొక్కండి. ఎగుడుదిగుడు సంగతి తెలుగు లిపికి సంబంధించినది. అందులో కొంత సరిచేయవచ్చు, కొంత సరిచేయలేము. దాని గురించి కింద వివరంగా రాస్తున్నాను.

కీల విషయంలో ఒక చిన్న ఏర్పాటు చేసుకుందాం. ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే, కమాండ్లనూ ఆప్షన్లనూ తెలుగు లిపిలోనే రాస్తున్నాను; టైపు చేయవలసింది మాత్రం ఇంగ్లీషులోనే. విడిగా చెప్పకపోతే అది చిన్న అక్షరం. షిఫ్ట్‌తో నొక్కవలసిన చోట 'పెద్ద' అని ముందు చేరుస్తాను. కోలన్, స్లాష్ లాంటి గుర్తులను ఉన్నవి ఉన్నట్టుగానే ఇస్తాను.

మొదట తేల్చుకోవలసింది: ఫైలులో నిజంగా ఎంటర్ పడిందా, లేక తెర మీద మాత్రమే లైను మడతపడిందా?

ఋషికొండ దగ్గర మా ఆఫీసులో కొత్తగా చేరినవారికి మాన్యువళ్ల పని నేర్పేటప్పుడు నేను ముందుగా ఈ తేడాయే చూపిస్తాను, ఎందుకంటే మిగిలిన తప్పుదారులన్నీ దీని దగ్గరే మొదలవుతాయి. విమ్‌లో ర్యాప్ అనే ఆప్షన్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. అందువల్ల వెయ్యి అక్షరాల లైను కూడా తెర వెడల్పును బట్టి మడతలుగా కనిపిస్తుంది గానీ ఫైలులో అది ఒకే లైను. కర్సర్‌ను జేతో కిందికి దింపి చూడండి. ఒక్క నొక్కుతో పేరా మొత్తం దాటిపోతే అది ఒకే లైనని అర్థం. లైను నంబర్లు ఆన్ చేసినా ఇదే సంగతి బయటపడుతుంది.

చదవడానికి మాత్రమే ఇబ్బందిగా ఉంటే ఫైలును ముట్టుకోనక్కర లేదు. `:సెట్ ర్యాప్ లైన్‌బ్రేక్` అని ఇస్తే మాట మధ్యలో కాకుండా స్పేస్ దగ్గర మడత పడుతుంది, బ్రేక్‌ఇండెంట్ కూడా పెడితే మడతపడిన భాగం పై లైను అంచుకు సరిగా వచ్చి నిలుస్తుంది, జీ-జే, జీ-కే నొక్కి తెర మీది మడతల వెంట నడవవచ్చు. ఇంతకు మించి అక్కరలేని ఫైలును 72 దగ్గర తెంచి పెట్టడం తరువాత పనిచేసేవారికి భారమవుతుందని నా గట్టి అభిప్రాయం.

తెంచవలసిన సందర్భాలు లేకపోలేదు. మామూలు టెక్స్ట్ ఈమెయిల్‌లో లైను 78 అక్షరాలు దాటకూడదని ఈమెయిల్ ప్రమాణమే సిఫారసు చేస్తుంది, 998 దాటకూడదని కచ్చితమైన హద్దు కూడా పెడుతుంది. ఫైళ్లలో మార్పులను భద్రపరిచే గిట్‌లో ప్రతి మార్పుకూ రాసే కమిట్ సందేశాలకు 72 అనేది వాడుకగా స్థిరపడిన వెడల్పు. విమ్ కూడా కమిట్ సందేశం తెరిచినప్పుడు తనంతట తానే 72 పెట్టుకుంటుంది. ప్రోగ్రాముల్లోని వ్యాఖ్యలు, రీడ్‌మీ ఫైళ్లు కూడా ఈ కోవలోవే. దీనికి సరిగ్గా ఎదురైనది వాట్సాప్. 72 దగ్గర ఎంటర్లు పడ్డ నోటీసును తెచ్చి గ్రూపులో అతికిస్తే ఆ ఎంటర్లన్నీ అలాగే నిలిచిపోయి, ఫోను తెర మీద ఒక నిండు లైను, ఒక అర లైను చొప్పున కనిపిస్తాయి. అలాంటప్పుడు కాపీ చేసే ముందు పేరాను వీ-ఐ-పీతో ఎంచుకొని పెద్ద జే నొక్కితే అంతా ఒకే లైనవుతుంది. కాపీ అయ్యాక యూ నొక్కితే ఫైలు మునుపటిలాగే ఉంటుంది.

ఒక్క చోట విడగొట్టడం

ఆర్ అనే కమాండ్ కర్సర్ కింద ఉన్న ఒక అక్షరాన్ని తరువాత నొక్కిన దానితో మారుస్తుంది. స్పేస్ మీద నిలబడి ఆర్, ఎంటర్ నొక్కితే స్పేస్ పోయి ఆ స్థానంలో ఎంటర్ పడుతుంది. ఇన్సర్ట్ మోడ్ (టైపు చేసే స్థితి) లోకి వెళ్లి ఎంటర్ కొట్టి, ఎస్కేప్‌తో బయటికి వచ్చినా లైను తెగుతుంది గానీ, స్పేస్ పై లైను చివరనో కింది లైను మొదటనో మిగిలిపోయే అవకాశం ఉంది. ఆర్‌తో ఆ బెడద ఉండదు, పైగా నార్మల్ మోడ్ (కీలు కమాండ్లుగా పనిచేసే స్థితి) వదలవలసిన పని లేదు. రెండు మాటల మధ్య ఐదు స్పేస్‌లు ఉంటే మొదటి దాని మీద నిలబడి 5 ఆర్ ఎంటర్ నొక్కండి. ఐదూ పోయి ఒకే ఒక ఎంటర్ పడుతుంది. ఐదు ఎంటర్లు పడతాయేమోనని చాలామంది సందేహిస్తారు, అలా పడవు.

పెద్ద కే నొక్కితే లైను తెగేలా మ్యాప్ (కీకి కొత్త పని అప్పగించే లైను) రాసుకొమ్మని కొందరు సలహా ఇస్తారు. పెద్ద కే కర్సర్ కింద ఉన్న మాటకు సహాయ పుట తెరిచే కమాండ్. షెల్ స్క్రిప్టులు రాసేవారికి అది రోజూ పనికివచ్చేదే. రెండు నొక్కులతో అయ్యే పనికి దాన్ని పోగొట్టుకోవద్దని నేను చెబుతాను.

కలపడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్ద జే రెండు లైన్లను కలిపి మధ్యలో ఒక స్పేస్ ఉంచుతుంది, కింది లైను మొదటి ఖాళీని తీసేస్తుంది. జీ-పెద్ద జే అయితే ఏమీ చేర్చదు, ఏమీ తీయదు. మాట మధ్యలో తెగిపోయిన పీడీఎఫ్ కాపీల్లో 'విశాఖ' ఒక లైనులో, 'పట్నం' మరో లైనులో ఉంటే ఈ రెండోదే వాడాలి, లేకపోతే మాట మధ్యలో స్పేస్ మిగిలిపోతుంది.

కామాల జాబితా

మీ జాబితా ఇలా ఉందనుకుందాం: `గాజువాక, పెందుర్తి, సీతమ్మధార, మద్దిలపాలెం, ద్వారకానగర్`. ఆ లైను మీద ఉండి ఈ కమాండ్ ఇవ్వండి:

`:ఎస్/, /,\ఆర్/జీ`

కామా, దాని వెంట ఉన్న స్పేస్ దొరికిన ప్రతిచోటా కామా, ఎంటర్ పడతాయి. ఒక్కో పేరు ఒక్కో లైనవుతుంది. చివర కామాలు అక్కరలేకపోతే రెండో భాగంలో కామా మానేయండి.

వెతికే భాగంలో ఎంటర్‌ను బ్యాక్‌స్లాష్ ఎన్ అనాలి. దాని స్థానంలో పెట్టే భాగంలో బ్యాక్‌స్లాష్ ఆర్ అనాలి. ఇది గుర్తు లేక రెండు చోట్లా ఎన్ వాడితే ఎంటర్‌కు బదులు సున్నా విలువ గల కంట్రోల్ అక్షరం పడి, ఫైలు నిండా టోపీ గుర్తు, ఎట్ గుర్తు జంటగా కనిపిస్తాయి. కనిపించగానే యూ నొక్కి వెనక్కి వెళ్లడమే.

వెతికే భాగంలో కామా తరువాత స్పేస్ తప్పక ఉండాలని ఎందుకు అంటున్నానంటే, మన లెక్కల్లో కామాలు ఎక్కువ. శాఖ పేరు పక్కన రూ. 1,50,000 అని ఉందనుకోండి, వట్టి కామా మీద విడగొడితే ఆ అంకె మూడు లైన్లుగా చీలిపోతుంది. టైపు చేసినవారు కామా తరువాత స్పేస్ వదలకపోతే మాత్రం వట్టి కామాతోనే వెతకక తప్పదు. అప్పుడు చివరి జీ పక్కన సీ చేర్చండి. విమ్ ప్రతి కామా దగ్గరా ఆగి అడుగుతుంది. అవునంటే వై, కాదంటే ఎన్, ఇక మిగిలినవన్నీ మార్చమంటే ఏ, ఆపమంటే క్యూ నొక్కాలి. పది పదిహేను కామాల జాబితాకు తెలివైన ప్యాటర్న్ ఆలోచించే సమయంలో ఈ పని రెండుసార్లు అయిపోతుంది.

సబ్‌స్టిట్యూట్ రాయడం ఇష్టం లేనివారికి మ్యాక్రో, అంటే కీల వరుసను రికార్డు చేసి మళ్లీ నడిపే పద్ధతి, ఉంది. క్యూ-ఏతో రికార్డింగ్ మొదలుపెట్టి, ఎఫ్ కామాతో కామా దగ్గరికి వెళ్లి, ఎల్‌తో స్పేస్ మీదికి జరిగి, ఆర్ ఎంటర్ నొక్కి, క్యూతో ముగించండి. తరువాత 50 @ఏ అని ఇస్తే జాబితా అంతా విడిపోతుంది. ఎఫ్ ఆ లైనులోనే వెతుకుతుంది కాబట్టి కామాలు అయిపోగానే మ్యాక్రో ఆగిపోతుంది, కింది పేరాల జోలికి పోదు.

పేరాను సర్దడం

జీ-క్యూ ఒక ఆపరేటర్. డీ చెరిపినట్టు, వై కాపీ చేసినట్టు, ఇది తరువాత చెప్పిన భాగాన్ని సర్దుతుంది. జీ-క్యూ-క్యూ అంటే ఈ లైను, జీ-క్యూ-ఐ-పీ అంటే ఈ పేరా, జీ-జీ-జీ-క్యూ-పెద్ద జీ అంటే ఫైలు మొత్తం. ఇది పేరాలోని లైన్లను ముందు కలుపుకుంటూ, తరువాత వెడల్పును బట్టి తిరిగి నింపుతుంది. అందువల్ల ఒకే లైనుగా ఉన్న మీ పేరాలకూ, ముక్కలైన పేరాలకూ మందు ఒకటే; వాటిని ముందుగా కలపవలసిన పని లేదు.

టెక్స్ట్‌విడ్త్ సున్నాగా ఉంటే, అంటే ఏమీ పెట్టకపోతే, జీ-క్యూ తెర వెడల్పును తీసుకుంటుంది, అయితే 79 దాటదు. ఒకే ఫైలును మీరు లాప్‌టాప్‌లో ఇరుకు కిటికీలో ఒకసారి, ఆఫీసు మానిటర్ మీద మరోసారి సర్దితే వేర్వేరుగా రావడానికి ఇదే కారణం కావచ్చు. `:సెట్ టెక్స్ట్‌విడ్త్=72` అని స్పష్టంగా పెట్టండి. కలర్‌కాలమ్‌కు +1 అని ఇస్తే హద్దు దగ్గర నిలువు గీత రంగుగా కనిపిస్తుంది, కంటికి ఆధారం దొరుకుతుంది.

జీ-క్యూ బదులు జీ-డబ్ల్యూ వాడితే సర్దుబాటు అదే, కర్సర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో రాస్తూ సర్దుకునేవారికి ఇదే హాయి. విమ్ నుంచి వచ్చిన నియోవిమ్ వాడేవారికి ఇంకో కారణం కూడా ఉంది: అక్కడ భాషా సర్వర్ (కోడును పరిశీలించే తోడు ప్రోగ్రాము) జతపడిన ఫైళ్లలో జీ-క్యూ ఆ సర్వర్‌కు పని అప్పగించవచ్చు, అప్పుడు వ్యాఖ్యల పేరాలు సర్దుకోవు. జీ-డబ్ల్యూ ఎప్పుడూ విమ్ సొంత పద్ధతినే వాడుతుంది.

పేరాకు ఐ-పీ చెప్పడమే మేలు; } గుర్తుతో చెప్పకండి. పీడీఎఫ్ కాపీల్లో ఖాళీగా కనిపించే లైన్లలో తరచుగా స్పేస్‌లు దాగి ఉంటాయి. } అలాంటి లైనును పేరా హద్దుగా లెక్కించదు, దాటి తరువాతి పేరాలోకి వెళ్లిపోతుంది. ఐ-పీ అక్కడే ఆగుతుంది. ఏమైనా ముందుగా `:%ఎస్/\ఎస్\+$//` అని ఇచ్చి లైన్ల చివరి ఖాళీలన్నీ తుడిచేయడం మంచి అలవాటు.

తెగిన లైన్లన్నీ కలిపి పేరాకొక లైను చేయాలంటే టెక్స్ట్‌విడ్త్‌ను తాత్కాలికంగా 9000 చేసి ఫైలు మొత్తం సర్దండి. వాట్సాప్‌కో, వర్డ్‌కో పంపే ముందు నేను చేసేది ఇదే. చిరునామాలు, పద్యాలు, పట్టికలు ఉన్న ఫైలు మీద మాత్రం ఫైలు మొత్తం సర్దే కమాండ్ వాడకండి, అవి కూడా పేరాలనుకొని కలిపేస్తుంది.

తెలుగులో లైన్లు ఎందుకు ఎగుడుదిగుడుగా వస్తాయి

మీ ప్రశ్నలో అసలైన చిక్కు ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం తీరికగా చెబుతాను. విమ్ వెడల్పును గడుల్లో కొలుస్తుంది. గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు విడిగా గడి తీసుకోవు. అవి ముందున్న హల్లులో కలిసిపోతాయి. కానీ ఒత్తుగా మారిన హల్లు మాత్రం విమ్ లెక్కలో విడి హల్లే. 'కాకినాడ' నాలుగు గడులు, కంటికీ నాలుగు అక్షరాలే. 'స్త్రీ' కంటికి ఒకే అక్షరం, విమ్‌కు స, త, ర మూడూ కలిసి మూడు గడులు. 'రాష్ట్రం' కంటికి రెండు, లెక్కలో నాలుగు. నార్మల్ మోడ్‌లో 'స్త్రీ' మీద నిలబడి ఎక్స్ నొక్కి చూడండి, పూర్తిగా పోవడానికి మూడుసార్లు నొక్కాలి. కనుక సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న లైను లెక్క ప్రకారం నిండినా కంటికి పొట్టిగా కనిపిస్తుంది. దీనికి తోడు తెలుగు ఫాంట్లలో అక్షరాల వెడల్పు సమానంగా ఉండదు. ఈ రెండూ సరిచేయదగినవి కావు. వీటిని తప్పుగా భావించి ఒక్కో లైనునూ చేత్తో జరుపుతూ కూర్చోవద్దు.

మరి సరిచేయదగినవి ఏవంటే, నాకు తరచుగా ఎదురయ్యేవి ఇవి.

మొదటిది కనపడని అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అని సరిగా రావడానికి మన కీబోర్డులు పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. బ్రౌజర్‌లో అది కనపడదు. విమ్ దాన్ని కనపడేలా, కోణపు బ్రాకెట్ల మధ్య 200సీ అని చూపిస్తుంది, దానికి ఆరు గడులు లెక్క వేస్తుంది. ఒక లైనులో 'సాఫ్ట్‌వేర్', 'నెట్‌వర్క్' రెండూ వస్తే 72లో పన్నెండు గడులు వాటికే పోతాయి. సాంకేతిక మాన్యువళ్లలో ఇలాంటి మాటలు అడుగడుగునా ఉంటాయి కాబట్టి మీ లైన్లు పొట్టిగా తెగడానికి ముఖ్యమైన కారణం ఇదేనని నా ఊహ. వాటిని తీసేస్తే మాట రూపం చెడి ఫ, ట, వ ఒకదాని కింద ఒకటి ఒత్తులుగా దిగుతాయి, అది పాఠకులకు అన్యాయం. అలాంటి ఫైలులో టెక్స్ట్‌విడ్త్‌ను 84 చేసుకొని సర్దడం నేను చూపగల మార్గం.

రెండవది, సర్దే తీరును నిర్ణయించే ఫార్మాట్‌ఆప్షన్స్‌లోని ఎమ్, పెద్ద ఎమ్, పెద్ద బీ అక్షరాలు. ఈ మూడూ తెలుగుకు పనికిరావు. మాటల మధ్య స్పేస్ వదలని చైనా, జపాన్ భాషల కోసం వాటిని పెట్టారు. ఎమ్ ఉంటే 255 దాటిన ఏ అక్షరం దగ్గరైనా లైను తెగవచ్చు. తెలుగు అక్షరాలన్నీ ఆ హద్దు దాటినవే కాబట్టి 'విశాఖ' పైన, 'పట్నం' కింద పడతాయి. పెద్ద ఎమ్ గానీ పెద్ద బీ గానీ ఉంటే లైన్లను కలిపేటప్పుడు మధ్యలో స్పేస్ రాదు, రెండు మాటలు అతుక్కుపోతాయి. విమ్ తనంతట తాను వీటిని పెట్టదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటాయి. `:సెట్ ఫార్మాట్‌ఆప్షన్స్?` అని అడిగి చూడండి.

మూడవది బయటి ప్రోగ్రాములు. సర్దే పనిని వాటికి అప్పగించే ఆప్షన్ అయిన ఫార్మాట్‌ప్రోగ్‌లో ఎఫ్‌ఎంటీ అనే లైనక్స్ కమాండును పెట్టుకొమ్మని పాత వ్యాసాలు చెబుతాయి. నేను పనిచేసిన సర్వర్లలోని ఎఫ్‌ఎంటీ అక్షరాలను లెక్కించదు, బైట్లను లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు హల్లు మూడు బైట్లు, దాని గుణింతపు గుర్తు మరో మూడు. కాబట్టి 72 అని చెబితే లైనుకు రెండు మూడు మాటలే మిగులుతాయి. మీ లైన్లు అంత పొట్టిగా ఉంటే ఫార్మాట్‌ప్రోగ్‌ను ఖాళీ చేయండి, లేదా జీ-డబ్ల్యూ వాడండి.

ఇక పనికివచ్చే అక్షరాలు రెండు. ఫార్మాట్‌ఆప్షన్స్‌కు 1 చేర్చితే ఒంటి అక్షరపు మాట దగ్గర లైను తెగకుండా చూస్తుంది. ఇంగ్లీషులో దీని అవసరం తక్కువ గానీ 'ఈ', 'ఆ', 'ఏ' లైను చివర ఒంటరిగా వేలాడటం తెలుగు చదివేవారికి ఎంత ఇబ్బందో మీకు తెలుసు. దీన్ని నేను ప్రతి తెలుగు ఫైలుకూ పెడతాను.

రెండవది ఎన్. ఇది అంకెలు వేసిన జాబితాలను గుర్తించి, రెండో లైనును అంకె కింద కాక మాట కింద నిలబెడుతుంది. దానికి ఆటోఇండెంట్ కూడా ఆన్‌లో ఉండాలి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. జాబితా అంశాన్ని గుర్తించడానికి ఫార్మాట్‌లిస్ట్‌ప్యాట్ అనే ఆప్షన్‌లో మొదటి నుంచీ ఉన్న ప్యాటర్న్ ప్రకారం అంకె తరువాత స్పేస్ ఉన్నా అది జాబితా అంశమే. 'విశాఖపట్నం ఓడరేవు 1933 లో ప్రారంభమైంది' అనే వాక్యం సరిగ్గా 1933 ముందు తెగిందనుకోండి. ఆ తరువాత మరోసారి సర్దినప్పుడు విమ్ ఆ లైనును 1933వ అంశంగా భావించి, అక్కడ పేరాను విడదీస్తుంది. ఫార్మాట్‌లిస్ట్‌ప్యాట్‌లోని చదరపు బ్రాకెట్లలో ఉన్న స్పేస్‌నూ, ట్యాబ్ గుర్తునూ తొలగిస్తే ఈ చిక్కు తీరుతుంది, '1.' లేదా '1)' ఉన్నప్పుడే జాబితాగా లెక్కిస్తుంది. అసలు తెలుగులో 1933లో అని కలిపి రాయడమే మా మాన్యువళ్లలో నియమం, దానివల్ల కూడా ఈ బెడద తప్పుతుంది. ౧, ౨ అని తెలుగు అంకెలు వేసిన జాబితాలను మాత్రం ఆ ప్యాటర్న్ గుర్తించదు, వాటిని మీరే చేర్చుకోవాలి.

'రూ.' ఒక లైనులో, '500' మరో లైనులో పడకూడదనుకుంటే వాటి మధ్య మామూలు స్పేస్ బదులు తెగని స్పేస్ పెట్టండి. ఇన్సర్ట్ మోడ్‌లో కంట్రోల్-కే నొక్కి, పెద్ద ఎన్, పెద్ద ఎస్ కొడితే అది పడుతుంది. జీ-క్యూ మామూలు స్పేస్, ట్యాబ్ దగ్గరే తెంచుతుంది కాబట్టి ఆ రెండూ కలిసే ఉంటాయి.

వాక్యానికొక లైను

మాన్యువల్ గిట్‌లో ఉండి, పదిమందీ దిద్దుతూ ఉంటే నేను 72 జోలికి పోను. పేరా మొదట్లో ఒక మాట చేర్చి జీ-క్యూ-ఐ-పీ నొక్కితే కింది లైన్లన్నీ జరుగుతాయి, తేడా చూసేవారికి పేరా మొత్తం మారినట్టు కనిపిస్తుంది. ఏది నిజంగా మారిందో వెతకడం సమీక్షకులకు శిక్ష. దానికి బదులు వాక్యానికొక లైను పెడితే మారిన వాక్యమే బయటపడుతుంది. మార్క్‌డౌన్‌లో ఒంటి ఎంటర్ మామూలుగా స్పేస్‌గానే మారుతుంది కాబట్టి పుట మీద పేరా చెదరదు. పేరాను వీ-ఐ-పీతో ఎంచుకొని, కోలన్ నొక్కి, తనంతట తాను వచ్చే హద్దు గుర్తుల పక్కన ఇది చేర్చండి:

`ఎస్/[.?!]\జెడ్‌ఎస్\ఎస్\+/\ఆర్/జీసీ`

బ్యాక్‌స్లాష్ జెడ్‌ఎస్ అంటే వెతుకులాటలో ఫుల్‌స్టాప్ ఉండాలి గానీ మార్పు దాని తరువాతి నుంచే మొదలవ్వాలని. చివర సీ ఎందుకంటే తెలుగులో ఫుల్‌స్టాప్ వాక్యం చివరే రాదు: డా. అంటాము, రూ. అంటాము, ఇంటి నంబరుకు డో.నం. అంటాము. వీటి దగ్గర ఎన్ నొక్కుతూ సాగాలి. పేరాలు ఒకే లైనుగా లేకపోతే ఈ కమాండుకు ముందు పెద్ద జేతో కలపడం మరువకండి. ఇప్పటికే 72 దగ్గర తెగిన ఫైలులో తేడా చూడవలసి వస్తే గిట్ డిఫ్‌కు వర్డ్-డిఫ్ ఆప్షన్ ఇవ్వండి. స్పేస్‌ల దగ్గర మాటలను విడదీస్తుంది కాబట్టి తెలుగుకు చక్కగా పనిచేస్తుంది.

ఫార్మాట్‌ఆప్షన్స్‌లో ఏ అనే అక్షరం పెడితే టైపు చేస్తున్నంతసేపూ పేరా తనంతట తానే సర్దుకుంటుంది. ఈమెయిల్‌కు బాగుంటుంది. మాన్యువల్‌లో వద్దు, పట్టిక మీద చెయ్యి పడగానే దాన్ని పేరా చేస్తుంది.

కోడ్‌కూ, డేటాకూ జీ-క్యూ వాడకూడదు. కోడ్ ఇండెంట్‌కు సమాన గుర్తు ఉంది. ఒకే లైనుగా వచ్చిన జేసన్ డేటా ఫైలును పైథాన్ జేసన్ టూల్ గుండా పంపి విడగొట్టేవారు నో-ఎన్ష్యూర్-ఆస్కీ అనే ఆప్షన్ చేర్చాలి, లేకపోతే తెలుగు అంతా బ్యాక్‌స్లాష్ యూ సంకేతాలుగా మారిపోతుంది. ఆ ఆప్షన్ పైథాన్ 3.9 నుంచి ఉంది. జేక్యూ అనే ప్రోగ్రాముకు ఆ అవసరం లేదు, తెలుగును తెలుగుగానే ఉంచుతుంది.

ఇంత చేసినా మీరు పెట్టిన 72 గానీ, 1 గానీ పనిచేయడం లేదనిపిస్తే, ఫైలు రకాన్ని బట్టి నడిచే ప్లగిన్ మీ విలువను తరువాత మార్చేసి ఉంటుంది. `:వెర్బోస్ సెట్ టెక్స్ట్‌విడ్త్? ఫార్మాట్‌ఆప్షన్స్?` అని ఇవ్వండి. ఇప్పటి విలువతో పాటు దాన్ని చివరగా ఏ ఫైలు, ఏ లైను మార్చిందో విమ్ చూపిస్తుంది. మీ అమరికను ఆ ఫైలు రకం పేరుతో ఉన్న ఆటోకమాండులో సెట్‌లోకల్‌గా రాసుకుంటే ప్లగిన్ తరువాత అది నడుస్తుంది. అప్పటికీ లైన్లు తేడాగా తెగుతుంటే ఆ కమాండ్ చూపిన జవాబునూ, తెగిన పేరా ఒకదాన్నీ ఇక్కడ అతికించండి, చూసి చెబుతాను.